పలకని పానా

మొన్నామధ్య ప్రొద్దుటూరులో మా తమ్ముడి ఇంటికి వెళ్లినప్పుడు వాడి కొడుకు బాషా ఒక ప్లాస్టిక్ పెట్టె తెచ్చి నా ముందు తెరిచాడు. ఫోనులో చూసి చవగ్గా తెప్పించుకున్నాడట. లోపల నట్లు విప్పే పానాలు చిన్నదాని పక్కన పెద్దది, దాని పక్కన ఇంకా పెద్దది, దేని గుంటలో అది తళతళలాడుతూ పడుకుని ఉన్నాయి. ఇంత తక్కువకు ఇన్ని వస్తువులు ఎలా ఇవ్వగలరో నాకు అర్థం కాలేదు. అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు కూడా. పెరట్లో నీళ్ల మోటారు నట్టు విప్పబోతే అందులో ఒకటి నోరు వెడల్పు చేసుకుని పక్కకు ఒరిగిపోయింది. వాడు మొహం చిన్నబుచ్చుకుని, దుడ్లు దండగైపోయాయి అత్తా అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. నవ్వితే వాడికి ఇంకా కోపం వచ్చింది. పానా కొనడంలో వాడి తాత, అంటే మా నాయన, ఇంతకంటే పెద్ద పొరపాటు చేశాడని, చేసి కూడా గట్టెక్కాడని చెప్పి వాణ్ణి కూర్చోబెట్టాను. వాడు కాఫీ తాగినంతసేపే విన్నాడు. మిగిలింది ఇక్కడ రాసుకుంటున్నాను.

మాది దూదేకుల కుటుంబం. మా నాయన తల్లిని మేము జేజి అని పిలిచేవాళ్లం. ఆమె పేరు పీరమ్మ, పుట్టిల్లు జమ్మలమడుగు. ప్రొద్దుటూరులో మేమున్న ఇల్లు ఒక గది, ఒక వసారా. వసారాలో దూలం నుంచి ఏకుడు విల్లు వేలాడుతూ ఉండేది. జేజి మొగుడు, మా తాత ఉన్నన్నాళ్లు తెల్లవారకముందే దాని నారి మోగేదట. గొర్రె పేగుతో చేసిన ఆ నారిని కొయ్య కొడతితో కొడితే గడ్డకట్టిన పాత దూది విడిపోయి పొరలుపొరలుగా గాల్లోకి లేచేది. కనురెప్పల మీద దూది, నీళ్ల కడవ మీద దూది, సంగటి చట్టి మూత తీస్తే అక్కడా దూది. అందుకే మా ఇంట్లో ఒక అలవాటు పాతుకుపోయింది. చేతిలో ఉన్న పని ముగిసి, ఒళ్లు కడుక్కున్న తర్వాతే తిండి. మధ్యలో తింటే మెతుకులతో పాటు దూదిని కూడా మింగాలి గదా. తాత పోయాక, ఏకే పని తగ్గిపోయాక కూడా ఆ అలవాటు మమ్మల్ని వదల్లేదు. మా అమ్మ ఇల్లంతా చిమ్మి, గిన్నెలు కడిగి, అప్పుడు గాని నోట్లో ముద్ద పెట్టుకునేది కాదు. చిన్నప్పుడు ఆకలికి ఏడ్చిన నాకు ఇది వట్టి మొండితనం అనిపించేది.

కర్నూలు రాజధాని అన్న ముచ్చట తీరి, హైదరాబాదు రాజధాని అయిన కొత్తలో మా వైపు పల్లెల్లో ఆయిల్ ఇంజన్లు దిగాయి. బావి దగ్గర ఎద్దులతో కపిల తోలే రైతులు కాస్త దుడ్డు చేతిలో ఆడితే చాలు, ఇంజను పెట్టేవాళ్లు. దూది ఏకించుకునేవాళ్లు తగ్గిపోతున్న రోజులవి. మా నాయన దస్తగిరి విల్లు వదిలి ఇంజన్లు బాగుచేసే ఒక షెడ్డులో చేరాడు. సాయంత్రం ఆయన ఇంట్లోకి వస్తుంటే ముందు డీజిలు వాసన వచ్చేది, వెనకాల ఆయన వచ్చేవాడు. అమ్మ మొదట్లో ముక్కు మూసుకునేది, తర్వాత్తర్వాత ఆ వాసన ఆలస్యమైతే వాకిట్లోకి వచ్చి చూసేది. నాయన పని బాగా నేర్చాడు. ముఖ్యంగా ఆయన చెవి గొప్పది. చిన్నప్పటి నుంచి నారి మోత విని పెరిగిన చెవి కాబట్టి ఇంజను శబ్దం వినగానే యాడ తేడా ఉందో చెప్పేసేవాడు. అయితే చేతిలో పానా మాత్రం షెడ్డుది. సొంత పనిముట్లు ఉన్నవాడు మెకానిక్కు, లేనివాడు కూలివాడు. నాయనకు షెడ్డులో దొరికేది కూలి డబ్బులే.

జేజి తాత పోయాక బొంతలు కుట్టి, పాత పరుపులు విప్పి మళ్లీ కట్టి ఇల్లు నడపడంలో తన వంతు తాను మోసింది. ప్రొద్దుటూరు చుట్టుపక్కల, జమ్మలమడుగు వైపు, అటు పులివెందుల దాకా తాతతో కలిసి తిరిగిన పల్లెలన్నిటికీ ఆమె వెళ్లేది. ఆమె వస్తువు కొనే పద్ధతి చూస్తే అంగళ్లవాళ్లకు విసుగు, మాకు సిగ్గు. సూది కొనాలంటే పొట్లం కొనదు. ఒక్కో సూదిని తన చీర అంచు దారం వెంట లాగి చూస్తుంది. దారాన్ని పీకిన సూది అవతలికి పోతుంది. కత్తెర కొత్తది ఎన్నడూ కొనలేదు. దర్జీలు వాడి అమ్మేసినవి వెతికి, వేళ్లు పెట్టే చోట అరిగి నునుపైనదాన్ని తీసుకునేది. అరిగింది ఎందుకు జేజీ అని నేను అడిగితే, అరిగేదాకా వాడినారంటే అది మంచిదని కదా అనేది. తుప్పు పట్టినా అంచులు కొత్తగా ఉన్నదాన్ని మాత్రం ముట్టదు. దాన్ని ఎవరూ వాడలేదంటే దానిలో ఏదో రోగం ఉందని ఆమె నమ్మకం. తక్కువ ధరలో కొనేవాళ్లకు ఇంతకంటే మంచి చదువు లేదని నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఆమె పక్కన నిలబడడానికి నామోషీగా ఉండి రెండు అంగళ్ల అవతలే ఆగిపోయేదాన్ని.

ఒక ఎండాకాలం పులివెందుల అవతలి పల్లెలో జేజి పరుపు కుట్టి ఇవ్వడానికి పోయింది. ఆ ఇంటి రైతు ఓబులేసు కొత్తగా చీనీ, అదే బత్తాయి, మొక్కలు నాటుకున్నాడు. ఇంజను ఆగిపోయి, బావిలో నీళ్లుండి కూడా మొక్కలు వాడుతున్నాయి. మెకానిక్కులంతా పనుల మీద ఉన్నారు, వచ్చేసరికి మొక్కలు మిగలవు. జేజి ఆ మాట విని, మా కొడుకు ఉన్నాడు పంపిస్తానని చెప్పి వచ్చేసింది. నాయన షెడ్డులో సెలవు అడిగాడు. యజమాని తన వైపు నుంచి న్యాయంగానే మాట్లాడాడు. బయటి పని సొంతంగా పట్టుకునేవాడివైతే సొంత పానాలతో పట్టుకో, పోతే మళ్లీ ఈ షెడ్డుకు రావద్దు అన్నాడు. నాయన ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. పోయి ఇంజను తిప్పగలిగితే తన కాళ్ల మీద తాను నిలబడ్డట్టు. తిప్పలేకపోతే ఇటు షెడ్డు పోతుంది, అటు పల్లెల్లో పేరు పోతుంది, జేజి ఇన్నేళ్లు తిరిగిన ఇళ్ల ముందు ఆమె మాట కూడా పోతుంది. పోవద్దని అమ్మ అనలేదు. పొమ్మనీ అనలేదు. తెల్లవారి, బొంతల డబ్బులు కొంగున కట్టుకుని జేజే ముందు లేచి నిలబడింది.

పాత ఇనుప సామాన్ల అంగడికి నాయన, జేజి, నేను పోయాం. మొదట నాయన కన్ను ఒక పూత పూసిన కొత్త పానాల కట్ట మీద పడింది. ఆ ధర విన్నాక కన్ను దానంతటదే పక్కకు తిరిగింది. ఆ ఇంజనులో ఏయే కొలత నట్లు ఉంటాయో నాయనకు నోటికి వచ్చు కాబట్టి, అన్నీ అక్కర్లేదు, ఆ కొలతలవే విడిగా ఏరుకుందామని జేజి చెప్పింది. అప్పటి నుంచి ఇద్దరూ ఇనుప కుప్ప ముందు గొంతుక్కూర్చున్నారు. జేజి ఒక్కో పానాను ఎత్తి, నోటి మూలలు వేలితో తడిమి, పిడి వైపు చూసేది. సుత్తి దెబ్బల గుర్తులున్నదాన్ని పక్కన పెట్టేది. సరిపోని నట్టుకు బలవంతంగా ఎక్కించి కొట్టి ఉంటారని ఆమె లెక్క. నాయన పద్ధతి వేరు. పానాకు దారం కట్టి, గాల్లో వేలాడదీసి, చిన్న ఇనుప చువ్వతో తట్టి, కళ్లు మూసుకుని వినేవాడు. విల్లు నారి బాగుందో లేదో దూదేకులవాడు అట్లాగే చూస్తాడు. ఆ పద్ధతి ఇనుముకు పనికి వస్తుందా రాదా అన్న అనుమానం ఆయనకు రాలేదు. అంగడాయన బీడీ తాగుతూ చాలాసేపు చూశాడు.

"ఏందప్పా దస్తగిరీ, పానా కొంటాండావా, తంబుర కొంటాండావా?" అన్నాడు చివరికి.

చిన్న పానాల దగ్గర తల్లీ కొడుకులకు తగాదా రాలేదు. పెద్ద నట్టుకు పట్టే పెద్ద పానా దగ్గర వచ్చింది. నాయన ఏరినది గుడిగంటలా మోగింది. తట్టిన తర్వాత కూడా కాసేపు దాని మోత గాల్లో నిలిచింది. దాని అంచులు నిన్న చేసినట్టున్నాయి. జేజి ఏరినది నల్లగా, పిడి మధ్యలో చేతుల జిడ్డు ఇంకి నున్నగా ఉంది. తడితే దబ్బుమని ఊరుకుంది.

"ఇది సచ్చిన ఇనుము అమ్మా. పలకదు," అన్నాడు నాయన.

"పలకాల్సింది ఇంజను గదా నాయనా," అంది జేజి.

అంగడాయన నవ్వాడు. అదే తప్పయింది. పరాయి మనిషి ముందు తల్లి తన పని తప్పు పట్టినట్టు నాయనకు అనిపించి మొహం ఎర్రబడింది. ఇంజన్ల సంగతి నాకు తెలుసా నీకు తెలుసా అన్నట్టు ఆ మోగేదాన్నే సంచిలో వేసుకుని బయటికి నడిచాడు. ఆయన వీధిలోకి పోయాక జేజి ఆ నల్లదానికి కూడా డబ్బులిచ్చి, నా వైపు ఒక చూపు చూసి, తన చీర మూటలో కట్టుకుంది. ఆ చూపుకు అర్థం నోరు మూసుకోమని. నేను మూసుకున్నాను.

మరుసటి రోజు బస్సులో పులివెందుల దాకా, అక్కడి నుంచి ఎద్దుల బండిలో పల్లెకు. ఊరు తెలిసిన మనిషని జేజి వచ్చింది, జేజిని వదిలి ఉండలేనని నేను వచ్చాను. మేము చేరేసరికి ఎండ నెత్తి మీదికి వస్తోంది. ఓబులేసు భార్య లక్షుమ్మ సంగటి, చింతాకు పప్పు, శనక్కాయల ఊరిమిండి పచ్చడి పెట్టి, ముందు తినండి అని బతిమాలింది. నాయన తినలేదు. ఇంజను తిరిగాక తింటానన్నాడు. మెకానిక్కుకు ముందు అన్నం పెట్టడం వాళ్ల మర్యాద, పని ముగియకుండా ముట్టకపోవడం మా అలవాటు. ఆమెకు ఇది మాత్రం మింగుడు పడలేదు. ఇంజను బాగుపడే రకం కాదు కాబట్టే తినడం లేదేమో అని ఆమె పక్కింటావిడతో అనడం నా చెవిన పడింది.

ఇంజను బావి లోపల, సగం మెట్లు దిగాక ఉన్న బండల అరుగు మీద ఉంది. నాయన దాని చుట్టూ తిరిగి, చక్రాన్ని చేత్తో ఇటూ అటూ కదిపి చెవి పెట్టి విన్నాడు. లోపల పిస్టను పట్టేసిందని, ఇంజను తలకాయ, అంటే పైనున్న మూత, విప్పాలని చెప్పాడు. అందులో ఆయన తప్పు పోలేదు. చిన్న నట్లన్నీ కొత్తగా కొన్న పాత పానాలతో సులువుగానే వచ్చాయి. మెట్ల మీద చేరిన రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలు ఊపారు. మిగిలింది పెద్ద నట్లు. తుప్పు పట్టి ఉన్నాయి. నాయన కిరసనాయిలు పోసి, కాసేపు ఆగి, ఆ మోగే పానాను తగిలించి, ఒంటి బరువంతా దాని మీద వేశాడు. అది విరిగింది. విరిగేటప్పుడు కూడా చక్కగా మోగింది, ఆ మోత బావి గోడలకు తగిలి పైదాకా వచ్చింది. మితిమీరి గట్టిపడిన ఇనుము పెళుసుగా ఉంటుందని, అట్లాంటిదే బాగా మోగిందని నాయన తర్వాత చాలాసార్లు చెప్పేవాడు. ఆ క్షణంలో మాత్రం ఆయన చేతిలో సగం ముక్క పట్టుకుని, నెత్తురు కారుతున్న వేలి గణుపులను చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఇప్పుడెట్లప్పా? మళ్లా ప్రొద్దుటూరికి పోవల్లనా?" అన్నాడు ఓబులేసు. కోపంగా అనలేదు. నీరసంగా అన్నాడు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

పోయి రావాలంటే ఒక రోజు మొత్తం పోతుంది. ఈలోపు ఓబులేసు ఇంకెవరినైనా పిలుచుకుంటాడు. పిలుచుకోకపోయినా, సామాను విరగ్గొట్టుకున్న మెకానిక్కు అన్న మాట సాయంత్రానికి చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగొస్తుంది. నాకు ఏడుపు వచ్చింది. పైన మెట్టు మీద నా పక్కన కూర్చున్న జేజి వైపు చూశాను. నేను చెప్పానా అని ఆమె ఇప్పుడు అంటుందనుకున్నాను. ఆమెకు ఆ హక్కు ఉంది కూడా. ఆమె లేచి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంటూ ఒక్కో మెట్టే దిగి, మూట విప్పింది.

"నాయనా, బస్సులో నీ సంచిలోంచి ఇది జారిపడింటే నా మూటలో ఏసుకుంటి. నీకు చెప్పేది మర్చిపోయినా. ముసలిదాన్నైపోతి," అంది, అందరికీ వినబడేటట్టు.

నాయన ఆ నల్ల పానాను చూశాడు, ఆమె మొహం చూశాడు. తన సంచిలో అది ఎప్పుడూ లేదని ఆయనకు తెలుసు, ఆమెకు తెలుసు, నాకు తెలుసు. మెట్ల మీదున్న వాళ్లెవరికీ తెలియదు. ఆయన చెయ్యి చాచి తీసుకున్నాడు. పిడికి ఒక ఇనుప గొట్టం తొడిగి, ఓబులేసును కూడా ఒక చెయ్యి వెయ్యమని, ఇద్దరూ కలిసి నొక్కారు. పానా కిక్కురుమనలేదు. నట్టే మూలిగి కదిలింది. అక్కడి నుంచి పని ఎట్లా సాగిందో నాకు గుర్తు లేదు, ఎందుకంటే నేను జేజి ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయాను. ఆమె చీరకు పాత దూది వాసన, ఆముదం వాసన కలిసి ఉండేది. నన్ను లేపింది ఇంజను. పొద్దు వాలుతుండగా గొట్టంలోంచి నల్లటి పొగ వదిలి, దగ్గి, ఆగి, మళ్లీ దగ్గి, టకటకమని అందుకుంది. కాలవలోకి నీళ్లు పడ్డాయి. ఓబులేసు కాలవ వెంట మొక్కల దాకా నీళ్లతో పాటే నడిచిపోయాడు. నాయన ఆ కాలవలోనే చేతులు, మొహం కడుక్కుని వచ్చి సంగటి ముందు కూర్చున్నాడు. మొదటి ముద్ద తుంచి, చప్పుడు చేయకుండా జేజి అన్నం తట్టలో పెట్టాడు. ఆయన చెప్పాలనుకున్నదంతా అంతే. ఆమె దాన్ని తినేసింది.

నాయన మళ్లీ షెడ్డుకు పోలేదు. పులివెందుల వైపు బావుల్లో ఆయన చెయ్యి పడని ఇంజను తక్కువ. ఆ పనితోనే నన్ను టీచరు ట్రైనింగు దాకా చదివించాడు, తమ్ముణ్ణి నిలబెట్టాడు. ఇంజన్లు పోయి కరెంటు మోటార్లు వచ్చినప్పుడు వాటి పని కూడా నేర్చుకున్నాడు. పనిముట్టు కొనేటప్పుడు మాత్రం జేజి ఉన్నన్నాళ్లు ఆమెను వెంటబెట్టుకుని పోయాడు. ఇవాళ బాషా ఇంట్లో కూర్చుని కొంటున్నాడని నేనేమీ ఏడవడం లేదు. మా రోజుల్లో ఒక్క పానాకు నెలల తరబడి బొంతలు కుట్టాల్సి వచ్చింది. వాడికి ఆ కష్టం లేదు, ఉండకూడదు కూడా. కుళాయి కారితే వాడి భార్య, మా కోడలు పిల్ల, తానే బిగించుకుంటోంది, చూసి సంబరపడ్డాను. కాకపోతే ఫోనులో బొమ్మకు బరువు తెలియదు, అంతకుముందు దాన్ని ఎవరు పట్టుకున్నారో తెలియదు. తక్కువకు కొనడం తప్పు కాదని, తక్కువకు కొనేవాళ్లే ఎక్కువసేపు చూసి కొనాలని జేజి నాకు నేర్పింది. జీతం వచ్చిన కొత్తలో నేను కొన్న పాత సైకిలు, పాత కుట్టు మిషను, అన్నీ ఆమె కళ్లతోనే కొన్నాను. అవేవీ నన్ను మోసం చేయలేదు. వాటికంటే పెద్దది ఇంకొకటి నేర్పింది. తప్పు చేసినవాడికి సాయం చేసేటప్పుడు అది సాయంలా కనబడకుండా చెయ్యాలని. పంతులమ్మగా పిల్లల ముందు నిలబడ్డ ఇన్నేళ్లలో నాకు అక్కరకు వచ్చిన చదువు అదే. ఆమెకు నేను ఎంత ఋణపడి ఉన్నానో ఆమె ఉన్నప్పుడు చెప్పలేదు. చెప్పి ఉంటే, ఏందీ పిచ్చి మాటలని కసిరేది.

ఇంజను తిరిగిన ఆ సాయంత్రం మేము బయలుదేరుతుంటే లక్షుమ్మ ఒక సంచిలో శనక్కాయలు పోసిచ్చింది. ఆ పల్లెలో గాని, ఇంకే పల్లెలో గాని జేజి పేరు ఎవరికీ తెలియదు. తాత ఉన్నప్పుడూ, పోయాక కూడా, ఏ వాకిట్లో నిలబడినా ఆమెను దూదేకులామె అనే పిలిచేవాళ్లు. తక్కువ చేసి కాదు, అదే ఆమె పేరైనట్టు పిలిచేవాళ్లు. నాయన సంచి భుజాన వేసుకుని ముందు నడుస్తున్నాడు. మేమిద్దరం వెనక. వీధి మలుపు దగ్గర ఉండగా లక్షుమ్మ గడపలోంచి, "మెకానిక్కు వాళ్లమ్మా, మళ్లొక తూరి రాండి," అని కేకేసింది.

జేజి ఆగిపోయింది. నా భుజం మీదున్న ఆమె చెయ్యి బిగుసుకుంది. మెల్లగా వెనక్కి తిరిగింది.

"ఇంగొక తూరి అట్ల పిలువు తల్లీ," అంది.

లక్షుమ్మ నవ్వి, ఈసారి వీధి వీధంతా వినబడేలా పిలిచింది. ముందు నడుస్తున్న నాయన వెనక్కి తిరగలేదు గాని, మేము వచ్చి కలిసేదాకా ఆగాడు.